నలుగురి టెంట్ కిట్టు: నల్లమల అంచున ఏది ఆగింది, ఏది వంగింది

అద్దెకిచ్చే ఫ్యామిలీ క్యాంపింగ్ కిట్టు ఏ షాపులో తీసుకున్నా లోపలి సామాను ఇంచుమించు ఒకటే. నలుగురు పట్టే డోమ్ టెంటు, దాని మీద కప్పే పై గుడ్డ, మడత ఫైబర్ రాడ్లు రెండు, సన్నటి ఇనుప మేకులు డజను, వెండిరంగు రేకు అంటించిన చాపలు నాలుగు, స్లీపింగ్ బ్యాగులు నాలుగు, పెట్టెలో ఇమిడే గ్యాస్ స్టవ్, రెండు గ్యాస్ డబ్బాలు, ఒక లాంతరు, మడత కుర్చీలు. ఈ సామానుతో నాగర్‌కర్నూల్ జిల్లాలోని అచ్చంపేట, లింగాల, కొల్లాపూర్ వైపు గుట్టల కింద ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు చలికాలంలో రెండు రాత్రులు ఉండాలంటే ఎంతవరకు సరిపోతుంది? మార్కులు ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఐదులో టెంటుకు నాలుగు, స్టవ్‌కు నాలుగు, చాపలకు రెండు, స్లీపింగ్ బ్యాగులకు రెండు, మేకులకు సున్నా.

సున్నా ఎందుకో తర్వాత. ముందు టెంటు ఎక్కడ వేస్తారో తేలాలి. కిట్టు అద్దెకిచ్చే చోట ఈ మాట ఎవరూ ఎత్తరు, మనమే తెలుసుకుని వెళ్లాలి.

మన్ననూరు చెక్‌పోస్టు దాటాక శ్రీశైలం రోడ్డుకు రెండు పక్కలా ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అడవి అది. అందులో సొంత టెంటు వేసుకోవడం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడమే తప్పు, 30వ సెక్షన్ ప్రకారం నిప్పు పెట్టడం తప్పు. "రోడ్డు పక్కనే కదా, ఎవరు చూస్తారు" అనే మాట ఇక్కడ చెల్లదు. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లనే వదలరు. అడవిలోనే నిద్ర చేయాలని ఉంటే మన్ననూరులో అటవీ శాఖ గదులు ఉన్నాయి. అవి తీసుకుంటే ఈ కిట్టుతో పనే లేదు.

కిట్టు పనికొచ్చేది ఘాట్ ఎక్కకముందు, పట్టా భూమిలో. రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం గుట్ట కనిపించేంత దూరంలోనో, కొల్లాపూర్ మామిడి తోటల్లోనో రైతును ముందే అడిగి, ఒప్పుకుంటేనే వేయాలి. మామిడి తోట మాట వచ్చింది కాబట్టి మూడు సంగతులు. డిసెంబర్ చివర నుంచి పూత మొదలవుతుంది, తేనెమంచు పురుగుకు మందు కొడతారు. "ఈ వారం మందు కొట్టినరా, కొట్టేది ఉందా" అని రైతును అడగకుండా పిల్లలతో ఆ చెట్ల కింద పడుకోకండి. రెండోది, తల ఎత్తి చూడండి: ఆకులు దగ్గరికి కుట్టి బంతిలా కనిపిస్తే అది ఎర్ర చీమల గూడు, ఆ కొమ్మ కింద టెంటు వేస్తే రాత్రంతా దులుపుకోవడమే సరిపోతుంది. మూడోది డ్రిప్ పైపు. గడ్డి కింద, మట్టి కింద నల్లగా పాకి ఉంటుంది. దాంట్లో మేకు దిగిందంటే రైతుతో చెడినట్టే. సాళ్ల మధ్యలో, పైపుకు కనీసం రెండడుగుల దూరంలో మేకులు దిగేలా చోటు చూసుకోవాలి.

ఇంకా ఎక్కడ వద్దంటే, ఎండిన వాగు ఇసుకలో వద్దు, ఎంత మెత్తగా కనిపించినా సరే. పైన గుట్టల్లో వాన పడితే నీళ్లు చెప్పి రావు. తాటిచెట్టు కింద వద్దు, ఎండు మట్ట ఎప్పుడు రాలుతుందో ఎవరూ చెప్పలేరు. పశువులు మధ్యాహ్నం పడుకునే చెట్టు కింద నేల చదునుగా, శుభ్రంగా ఉంటుంది, కానీ పిడుదులు ఉండేది అక్కడే. చింతచెట్టు కింద పడుకోవద్దని పెద్దలు చెప్పింది దయ్యాల గురించే కావచ్చు, కానీ ఆ కింద కోతులు రాల్చిన కాయలూ పొట్టూ అంతా జిగురు, చీమలు. దయ్యం సంగతి ఎలా ఉన్నా మాట వినడమే మేలు.

టెంటు

"నలుగురి టెంటు" అన్న మాటకు అర్థం ఏంటంటే, మనిషికి అరవై సెంటీమీటర్ల వెడల్పున నలుగురిని చేపల్లా పేర్చితే పడతారని. అడుగు కొలత సాధారణంగా 240 బై 210 సెంటీమీటర్లు. ఇద్దరు పెద్దవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరు హాయిగా పడతారు, బ్యాగులు కారులో ఉండాలి. నలుగురూ పెద్దవాళ్లయితే ఈ టెంటు వద్దు, ఆరుగురిది అడగండి. ఆరడుగుల మనిషి 210 వైపు పడుకుంటే కాళ్లో తలో గోడకు తగులుతుంది, పొద్దుటికి ఆ వైపు దుప్పటి తడుస్తుంది. అది వాన కాదు, మన ఊపిరే. నలుగురు రాత్రంతా విడిచిన తడి చల్లటి గుడ్డకు పట్టి నీటి బొట్లవుతుంది. టెంటు కారిందని షాపువాళ్లతో గొడవ పెట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. పై గుడ్డ మంచు నుంచి కాపాడుతుంది కాబట్టి వేయాల్సిందే, కానీ పైనున్న గాలి కిటికీలు మూయకూడదు, లోపలి గుడ్డకూ పై గుడ్డకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండేలా తాళ్లు లాగాలి. చలి అని అన్ని జిప్పులూ బిగించి పడుకుంటే పొద్దున వాన వెలిసినట్టే ఉంటుంది లోపల.

లేబుల్ మీద 1,000 మిల్లీమీటర్లు, 2,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలిపితే అప్పుడు కారడం మొదలవుతుందని దానర్థం. పై గుడ్డకు 1,000 ఉన్నా నవంబర్ జల్లుకు ఆగుతుంది. అడుగు గుడ్డకు అంతకు రెండు మూడింతలు కావాలి, ఎందుకంటే మోకాలు ఆనించినప్పుడు, మోచేయి నొక్కినప్పుడు తడి నేలలోంచి నీటిని పైకి తోసేది ఆ బరువే. అంకె కంటే ముఖ్యం కుట్టు. కుట్ల మీద లోపలి వైపు పారదర్శకమైన టేపు అతికి ఉంటుంది. చాలాసార్లు అద్దెకు తిరిగిన టెంటులో ఆ టేపు పొలుసుల్లా లేస్తుంది. వేలితో గీకి చూడండి, లేస్తే వేరేది ఇమ్మనండి.

వేసే పద్ధతి చిన్నదే, కానీ వరస తప్పితే రాడ్డు విరుగుతుంది. నేల మీద రాళ్లు, ముళ్లు, మొక్కజొన్న మోళ్లు, కంది మోళ్లు ఏరేయాలి. కంది మోడు ఎంత పదునో అడుగు గుడ్డ చిరిగాక గాని తెలియదు. తర్వాత అడుగున టార్పాలిన్ పట్టా. ఇక్కడే ఎక్కువమంది చేసే తప్పు: పట్టా పెద్దదైతే మంచిదనుకుని టెంటు బయటికి వచ్చేలా పరుస్తారు. వాన పడితే పై గుడ్డ మీంచి జారిన నీళ్లన్నీ ఆ పట్టా మీదకే దిగి, టెంటు కిందికే పోతాయి. పట్టా టెంటు అడుగు కంటే నాలుగు వైపులా జానెడు లోపలికి ఉండాలి. పెద్దదైతే అంచులు కిందికి మడవండి, పైకి కాదు.

రాడ్డును గొట్టంలోంచి తోయాలి, అటువైపు నుంచి లాగకూడదు. లాగితే ముక్కలు జాయింటు దగ్గర ఊడి గుడ్డ లోపలే చిక్కుకుంటాయి. రెండు రాడ్లూ గొట్టాల్లోకి పోయాక ఇద్దరు ఎదురెదురు మూలల్లో నిలబడి ఒకేసారి వంచాలి. ఒక్కరే వంచితే బరువంతా ఒక జాయింటు మీద పడుతుంది, ఫైబర్ రాడ్డు విరిగేదీ అక్కడే. విరిగిన చోట చేత్తో పట్టుకోకండి, గాజు పీచు చర్మంలో దిగి రెండు రోజులు గుచ్చుతుంది. రాడ్డు కంటే కొద్దిగా లావున్న ఇనుప గొట్టం ముక్క ఒకటి, జానెడు పొడవుది, కిట్టులో వేసుకుంటే విరిగిన చోట తొడిగి టేపు చుట్టి రెండు రాత్రులు నెట్టుకురావచ్చు.

తలుపు దక్షిణానికో పడమరకో ఉంటే మంచిది. చలికాలం గాలి తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. తూర్పున ఒక పెద్ద చెట్టు నీడ పడేలా చూసుకుంటే ఎనిమిదింటికే లోపల ఉడికిపోయే బాధ తప్పుతుంది.

మేకులు, అంటే అసలు గొడవ

కిట్టులో వచ్చే మేకు పెన్సిల్ కంటే సన్నం, జానెడు పొడవు, పైన కొక్కెంలా వంచి ఉంటుంది. మెత్తటి గడ్డి నేల కోసం చేసింది అది. మన దగ్గర గుట్టల కింద ఉండేది ఎర్ర చెల్క, ఆ కింద బెత్తెడు లోతులోనే మొరం. మొదటి దెబ్బకు దిగుతుంది, రెండో దెబ్బకు మొరం తగిలి పక్కకు తిరుగుతుంది, మూడో దెబ్బకు ప్రశ్నార్థకంలా వంగుతుంది. డజనులో నాలుగైదు మిగిలితే గొప్ప. కొల్లాపూర్ వైపు రేగడి నేలైతే కథ తిరగబడుతుంది: చలికాలంలో పైపొర పగిలి వదులుగా ఉంటుంది, మేకు సులభంగా దిగుతుంది, అంతే సులభంగా గాలికి ఊడుతుంది.

దీనికి మందు ఇనుప సామాన్ల దుకాణంలో ఉంది. ఇళ్లకు వాడే 8 ఎంఎం రాడ్డును అడుగు పొడవు ముక్కలుగా కోయించుకోండి, ఎనిమిది చాలు. వెల్డింగ్ షాపులో ఒక కొన పదును పెట్టించి, రెండో కొన కొక్కెంలా వంచించండి. మిగతావాటికి కిట్టు మేకులే వాడొచ్చు, కానీ నాలుగు మూలలకూ, గాలి వచ్చే వైపు తాళ్లకూ రాడ్డు మేకులే. టెంటుకు వ్యతిరేక దిశలో వాలేలా, నేలకు నలభై ఐదు డిగ్రీల కోణంలో దించాలి. నిటారుగా కొడితే తాడు లాగినప్పుడు మట్టిని చీల్చుకుని బయటికి వస్తుంది. కిట్టులో ఇచ్చే ప్లాస్టిక్ సుత్తె రాడ్డు మేకుకు పనికిరాదు, కిలో సుత్తె ఇంటి నుంచి తెచ్చుకోండి. తీసేటప్పుడు తాడు పట్టి పీకకండి, పక్కనే ఉన్న ఇంకో మేకును కొక్కెంలో దూర్చి తిప్పితే వదులవుతుంది.

బండ తగిలి ఏ మేకూ దిగని చోట రాయి కట్టాలి. తాడును నేరుగా రాయికి కట్టకండి, గాలికి ఒరుసుకుని తెగుతుంది. జానెడు కర్రకు తాడు ముడేసి, కర్రను నేల మీద పెట్టి, తాడు మీద టెంటు వైపు పదికిలోల రాయి పెట్టండి. తాడు లాగిన కొద్దీ కర్ర వచ్చి రాయికి ఆనుకుంటుంది, కదలదు. రాయి ఎత్తేముందు కాలితో ఒకసారి దొర్లించి చూడండి, తేళ్లు పగలు ఉండేది ఆ కిందే.

తాళ్లకు రెండు చోట్ల తెల్ల గుడ్డ పీలికలు కట్టడం మరవకండి. చీకట్లో పిల్లలు తట్టుకుని పడేది ఆ తాళ్లకే, పడేది ఆ మేకు మీదకే.

పడక

రేకు చాప పనిచేయదని కాదు. నాలుగు మిల్లీమీటర్ల నురుగు మీద వెండి రేకు అంటించి ఉంటుంది. చలిని ఆపేది రేకు కాదు, నురుగులోని గాలి. మనిషి బరువుకు నడుము, భుజం కింద అది అట్టలా నొక్కుకుపోతుంది. నవంబర్ నుంచి జనవరి దాకా రాత్రి పదిహేను డిగ్రీలకు అటూ ఇటూ దిగే చోట, చలి పైనుంచి కంటే కింద నేలలోంచే ఎక్కువ లాగుతుంది. రేకు చాప వేసి, దాని మీద జంపఖానా, ఆ మీద ఒక బొంత. అప్పుడే పిల్లలు తెల్లారిందాకా కదలకుండా పడుకుంటారు.

స్లీపింగ్ బ్యాగు మీద రాసే అంకెల్లో షాపులో చూపించేది తక్కువ అంకెనే. దాని మీద మూడు ఉష్ణోగ్రతలు ఉండొచ్చు: హాయిగా నిద్రపట్టేది, ముడుచుకుని గడిపేది, ప్రాణం మాత్రం నిలిచేది. మూడోది చూసి "ఐదు డిగ్రీలకు కూడా పనికొస్తుంది" అంటే నమ్మకండి, మొదటి అంకె చూడండి. మొదటి అంకె పదిహేను ఉంటే మన చలికి చాలు. పెద్దల బ్యాగులో పిల్లల్ని దూరిస్తే కాళ్ల దగ్గర ఖాళీ అంతా చల్లటి గాలే, అడుగు భాగాన్ని మడిచి తాడుతో కట్టేయాలి. అద్దె బ్యాగు ఎన్ని ఉతుకులు చూసిందో కూడా అనుమానమే. పాత నూలు చీరను రెండు మడతలు వేసి పక్కలు కుడితే లోపలి సంచి తయారు.

నిజానికి ఈ నాలుగు బ్యాగుల అద్దె మిగుల్చుకుని రెండు గొంగళ్లు తీసుకెళ్లడం తెలివైన పని. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో కురుమలు నేసే గొంగడి పాలమూరు వైపు ఇళ్లలో ఇంకా కనిపిస్తుంది. చర్మానికి గుచ్చుకుంటుంది కాబట్టి కింద పల్చటి దుప్పటి కప్పుకుని పైన గొంగడి వేసుకోవాలి. మంచు పడ్డా ఉన్ని తొందరగా తడి పట్టదు, తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. పాలియెస్టర్ బ్యాగుకు ఆ గుణం తక్కువ. తెల్లవారుజామున బయటికి పోవాల్సి వస్తే అదే గొంగడిని తల మీంచి కొప్పెరలా వేసుకుని పోవచ్చు, బ్యాగులోంచి బయటికొచ్చి వణకక్కర్లేదు.

స్టవ్, గ్యాస్

పెట్టె స్టవ్ బాగుంది. మంట సరిగ్గా తగ్గుతుంది, గిన్నె కదలదు. 220 గ్రాముల బ్యూటేన్ డబ్బా పెద్ద మంట మీద గంటా పావు, ఇంకో ఐదు నిమిషాలు వస్తుంది. రెండు రాత్రి భోజనాలు, రెండు టిఫిన్లు, ఒక మధ్యాహ్నం వంట, రోజుకు రెండుసార్లు చాయ్ లెక్కేస్తే, మంట తగ్గించి వాడుకుంటే రెండు డబ్బాలు సరిపోతాయి. మూడోది కారులో ఉంచండి. కారులో అంటే నీడలో. మధ్యాహ్నం ఎండలో అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద గ్యాస్ డబ్బా పెట్టడం కంటే పిచ్చిపని ఇంకోటి లేదు.

డబ్బా అంచున ఒక గాడి ఉంటుంది. అది స్టవ్‌లోని పలకకు సరిగ్గా ఎదురుగా, పై వైపు రావాలి. తిరగేసి బలవంతంగా మీట నొక్కితే గ్యాస్ ద్రవంగా వచ్చి మంట అడుగెత్తు లేస్తుంది. గిన్నె వెడల్పు జానెడు దాటకూడదు. పెద్ద బగోనె పెట్టినా, రొట్టెల పెనం పెట్టినా వేడి పక్కనున్న డబ్బా గది మీదకు కొడుతుంది. గాలికి మంట ఆరుతోందని చుట్టూ రేకు కట్టేవాళ్లు డబ్బా వైపు మాత్రం ఖాళీ వదలాలి. డబ్బా వేడెక్కితే కొన్ని స్టవ్‌లలో మీట దానంతట అదే ఎగిరి మంట ఆరిపోతుంది. అది పాడైనట్టు కాదు, మిమ్మల్ని కాపాడినట్టు. చల్లారాక గిన్నె మార్చి పెట్టండి.

అన్నిటికంటే పెద్ద అనుమానం పెట్టుకోవాల్సింది సిలిండర్ గ్యాస్‌తో మళ్లీ నింపిన డబ్బాల మీద. ఇవి ఒకసారి వాడి పారేసేవి. ఇంటి సిలిండర్ గ్యాస్‌లో ప్రొపేన్ కూడా ఉంటుంది, దాని ఒత్తిడి బ్యూటేన్ కంటే చాలా ఎక్కువ, ఈ పల్చటి రేకు దానికోసం చేసింది కాదు. నోటి దగ్గర పెయింటు గీసుకుపోయి ఉన్నా, మూత లేకపోయినా, అడుగున తుప్పు రింగు ఉన్నా తీసుకోకండి. కొత్త సీలు డబ్బాలు విడిగా కొనుక్కోవడమే మేలు. టెంటు లోపల గాని, తలుపు చూరు కింద గాని వెలిగించకండి. ఆ గుడ్డ అంటుకుంటే కాలడమే కాదు, కరిగి మీద పడుతుంది. చలికి మంట లోపల పెట్టుకుంటే కనిపించని పొగ కమ్మేస్తుంది.

కట్టెల పొయ్యి సరదా ఉంటే రైతు ఒప్పుకున్న చోట, నవంబర్, డిసెంబర్‌లో మూడు రాళ్లు పెట్టుకోండి. ఆకు రాలడం మొదలయ్యాక ఆ ఊసే వద్దు. గుట్ట కింద రాలిన ఒక నిప్పురవ్వ గుట్ట ఎక్కడానికి ఎంతో సేపు పట్టదు.

తిండి, నీళ్లు

స్టవ్ ఒక్క మంటదే కాబట్టి వంట వరస దానికి తగ్గట్టు ఉండాలి. మొదటి రాత్రికి ఇంటి నుంచి జొన్న రొట్టెలు, పల్లి కారం, వేయించిన కోడి కూర తెచ్చుకుంటే టెంటు వేసే అలసటలో వంట తప్పుతుంది. రెండో రోజుకు అన్నం, పచ్చిపులుసు. మంట అక్కర్లేని పులుసు మన వంటల్లో ఉండగా మసాలా పొట్లాలు కట్టుకుపోవడం ఎందుకు? చింతపండు గుజ్జు సీసాలో పట్టుకెళ్లండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర అక్కడ తరగండి. అట్టపెట్టెల్లో సామాను నేల మీద పెట్టకండి, ఎర్ర నేలలో రెండు రాత్రుల్లో అడుగున చెదలు మట్టి గీతలు లేస్తాయి. పైకెత్తి కట్టాలి, లేదా కారులో పెట్టాలి.

నలుగురికి రెండు రాత్రులకు ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. ఒకటిన్నర తాగడానికి, మిగతాది వంటకు, గిన్నెలకు. చేతులూ కాళ్లూ కడగడానికి రైతు బోరు నీళ్లు చాలు. నల్లగొండ వైపు నుంచి వచ్చేవాళ్లు బోరు అనగానే ఫ్లోరైడ్ అంటారు. ఆ భయం ఏళ్ల తరబడి తాగేవాళ్లది, రెండు రోజులకు కాదు. రెండు రోజుల్లో కడుపు చెడగొట్టేది క్రిములు. మరిగిస్తే అవి చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం మరిగిస్తే పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. అందుకే తాగడానికి క్యాన్ నీళ్లే. అటవీ ప్రాంతం చూడ్డానికి పోయేటప్పుడు పారేసే ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీలు సీసాలు నింపుకోండి.

లాంతరు, కుర్చీలు

లాంతరు సరే. తెల్ల వెలుగు పెడితే పురుగులన్నీ అన్నంలో పడతాయి, పసుపు వెలుగు ఉంటే అది వాడండి, వంట చోటుకు పదడుగుల దూరంలో వేలాడదీయండి. తలకు కట్టుకునే టార్చి పిల్లలకు తలా ఒకటి ఉండాలి, కిట్టులో రాదు. కుర్చీల సంగతి ఏముంది, జంపఖానా ఉండగా అవి ఫొటోల కోసమే.

రాత్రి బయట ఉండేవి

పులి గురించి అడగనివాళ్లు ఉండరు. ఘాట్ కింద తోటల్లో మిమ్మల్ని సతాయించేది కోతి, అడవి పంది. కోతులు పగలు వస్తాయి, గుడ్డ చింపడం వాటికి బాగా వచ్చు. టెంటు లోపల అరటిపండు తొక్క కూడా ఉండకూడదు. అడవి పంది రాత్రి పల్లి చేలోకి వస్తుంది, దాని జోలికి మనం పోకపోతే సాధారణంగా మన జోలికి రాదు. దానికంటే ప్రమాదం దాని కోసం పెట్టే కరెంటు తీగ. చట్టానికి విరుద్ధమైనా కొన్ని చేల గట్లకు తీగలు కడతారు, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. రైతు తన చేను సంగతి చెప్పగలడు, పక్క చేను సంగతి కాదు. చీకటి పడ్డాక గట్టు దాటి పోకూడదన్నది పిల్లలకే కాదు పెద్దలకూ నియమం. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే చెట్ల దగ్గరికి ఎలుగుబంటి వస్తుంది, ఆ నెలల్లో ఎలాగూ వెళ్లకండి.

ఈ టెంటుకు నాలుగు మార్కులు ఇవ్వడానికి అసలు కారణం దాని కుట్టేసిన అడుగు. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి కూడా సరిగ్గా తెలియదు. అడుగు, గోడ ఒకటిగా ఉండి జిప్పు పూర్తిగా మూస్తే లోపలికి రాలేదు. "పూర్తిగా" అన్న మాటే ముఖ్యం. రెండు జిప్పులు కలిసే మూలలో వేలెడు సందు వదిలేస్తుంటారు. ఆ మూల నేలకు ఆనుకుని కాకుండా పైకి వచ్చేలా జిప్పులు మూయాలి. చెప్పులు లోపలే, కవరులో. బయట వదిలితే వేసుకునేముందు దులపాలి.

కాటు పడితే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి గుడ్డ చుట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపోయి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, విరుగుడు మందు అక్కడే. పాము ఏదో పట్టి తేవాలని ఆగకండి, మన దగ్గరిచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. వెళ్లే ముందే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మందు ఉందో లేదో కనుక్కుని, దారి చూసుకోండి. గుట్ట నీడలో ఫోన్ సిగ్నల్ పోతుంది, ఎక్కడిదాకా నడిస్తే వస్తుందో పగలే చూసి పెట్టుకోవాలి.

మరుగుదొడ్డి సంగతి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. వాగుకు, బావికి కనీసం రెండు వందల అడుగుల దూరంలో, గడ్డపారతో జానెడు లోతు గుంత తీసి, పని అయ్యాక మట్టి కప్పాలి. తడి పేపర్లు, డైపర్లు గుంతలో వేయకండి, కవరులో కట్టి వెనక్కి తేవాలి. పంది తవ్వేస్తుంది, పొద్దున రైతు చూస్తాడు.

తీసుకునేటప్పుడు, తిరిగిచ్చేటప్పుడు

షాపులోనే టెంటు ఒకసారి నిలబెట్టి చూడండి, పది నిమిషాల పని. లోపల కూర్చుని జిప్పులు మూసి పైకి చూస్తే చిల్లులు వెలుతురు చుక్కల్లా కనిపిస్తాయి. రాడ్ల లోపలి రబ్బరు తాడు సాగదీస్తే వెనక్కి రావాలి, రాకపోతే ముక్కలు ఊడిపోతాయి. మేకులు లెక్కపెట్టి వంగినవి ఎన్నో కాగితం మీద రాయించుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డిపాజిట్‌లో కోతపడేది ఎక్కువగా వీటికే. సంచిలోంచి ముక్కిపోయిన వాసన వస్తే, గుడ్డ లోపలి వైపు వేలికి జిగురుగా అంటుకుంటే ఆ టెంటు పని అయిపోయింది. తడిగా మడిచి పెట్టిన టెంటుకు లోపలి పూత అలా కరుగుతుంది, దాన్ని ఏ అతుకూ బాగుచేయదు.

అందుకే తిరుగు ప్రయాణం పొద్దున మంచులో పెట్టుకోకండి. పై గుడ్డ తీసి తాడు మీద వేసి, టెంటు పక్కకు దొర్లించి అడుగు ఎండకు తిప్పితే పదింటికల్లా ఆరుతుంది. ఆరే లోపు గిన్నెలు తోమి, బూడిద మీద నీళ్లు పోసి, పీకిన రాడ్డు మేకులు లెక్కపెట్టి మూట కట్టండి. ఎనిమిదీ దొరకాలి. ఒకటి గడ్డిలో మిగిలిపోయిందంటే అది దొరికేది రైతు ట్రాక్టర్ టైరుకే.